ముసలి నక్షత్రం గీత మీద మచ్చలు

అనిసే నా కాఫీ కొట్టులోకి వస్తే ముందు టోపీ తీయడు, పలకరించడు. గుమ్మంలో నిలబడి గోడలు చూస్తాడు. కొత్త దీపం ఏదైనా పెట్టానా, కొత్త యంత్రం ఏదైనా కొన్నానా అని తేల్చుకున్నాకే బల్ల దగ్గరికి వస్తాడు. ఒక వేసవిలో ఇలాగే నిలబడి పైకప్పు కేసి వేలు చూపించాడు.

"అదేమిటి రేజిన్?"

"ఈగల్ని చంపే దీపం."

"తీసెయ్."

"మరి ఈగల్ని నువ్వు కొడతావా?"

"కొడతాను. ముందది తీసెయ్."

నిజంగానే ఆ మధ్యాహ్నమంతా పాత పేపరు మడిచి పట్టుకుని బల్లబల్లకీ తిరిగి ఈగలు కొట్టాడు. జనం పడీ పడీ నవ్వారు. వాడు నవ్వలేదు. అనిసేతో గొడవే అది, పరాచికం కూడా పనిలాగే చేస్తాడు.

వాడు, నేను, వాడి తమ్ముడు క్లోవీస్ ఒకే బడిలో చదువుకున్నాం. అనిసే ఎలక్ట్రీషియను పని నేర్చుకుని, ఇరవై ఏళ్ళు నిండకముందే మా అడవిలోని రేడియో దుర్భిణిలో చేరాడు. మాల్వో ఊరు దాటి పైన్ చెట్లలోకి వెళ్తే కనిపిస్తుంది. ఊరి చర్చి కంటే ఎత్తైన ఇనుప జల్లెడ గోడ ఒకటి, దానికి ఎదురుగా వంపు తిరిగిన ఇంకో గోడ, ఆ రెంటి మధ్యా పట్టాల మీద నెమ్మదిగా నడిచే బండి. ఆకాశంలోంచి వచ్చిన సన్నని సద్దు ఆ గోడలకు తగిలి బండిలో పడుతుంది. బండి నడపడం అనిసే పని. ఆ సద్దులో మన సద్దు కలవకుండా చూడటం కూడా వాడి పనే. అందుకే వ్యాను మీద ఒక యాంటెనా బిగించుకుని ఊరంతా తిరిగేవాడు. ఎవరి పశువుల కంచెలో కరెంటు చిటపటలాడినా, ఎవరి వంటింట్లో మైక్రోవేవు తిరిగినా గుమ్మం ముందు వాలేవాడు. మా ఊళ్ళో వాడి తిట్లు తినని ఇల్లు లేదు.

ఇదంతా ఒక ముసల్దాని కోసం. అంటే మనిషి కాదు, నక్షత్రం. దానికి పేరు లేదు, ఒక పొడుగాటి అంకె ఉంది. వాడు మాత్రం ముసల్ది అనేవాడు, మేమూ అదే అనేవాళ్ళం. చావుకు దగ్గరపడ్డ నక్షత్రమట. ఒళ్ళు ఉబ్బిపోయి, ఊపిరి పీలుస్తూ వదులుతూ, తన ఒంట్లోని పదార్థాన్నే పొగలాగా చుట్టూ కక్కుకుంటుందట. ఆ పొగలోని అణువులు ఒకే ఒక్క స్థాయిలో కూత పెడతాయి. దాన్ని కాగితం మీద గీస్తే రెండు కొమ్ములు లేస్తాయి. పొగలో మన వైపున్న భాగం ఒక కొమ్ము, అవతలి భాగం ఇంకో కొమ్ము. ఇవతలిది ముందు ఎదుగుతుంది, అవతలిది కొన్ని వారాల తర్వాత ఎదుగుతుంది. ఆ ఆలస్యాన్ని బట్టి పొగ ఎంత దూరం పాకిందో లెక్క కడతారు. ఇలా కొమ్ములు లేవడానికీ పడిపోవడానికీ ఏళ్ళు పడుతుంది. అందుకే ఒక్కరోజు చూస్తే ఏమీ తెలియదు, జీవితమంతా చూస్తూనే ఉండాలి. అనిసే అలాగే చూశాడు. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే తీరిక లేదనేవాడు.

"ముసల్ది ఎలా ఉందిరా?" అని క్లోవీస్ రోజూ ఏడిపించేవాడు.

"నీకంటే నయంగా ఉంది. నోరు తక్కువ."

కొన్నేళ్ళుగా ఆ కొమ్ములు ప్రతిసారీ మునుపటి కంటే పొట్టిగా లేస్తున్నాయని అనిసే దిగులు పెట్టుకున్నాడు. ఇలాంటి నక్షత్రాలు కొన్ని ఉన్నట్టుండి కూత ఆపేస్తాయట. ఆ రోజు తను అక్కడ ఉండాలని వాడి కోరిక. జ్వరంతో మంచం మీద ఉండాల్సిన రోజున కూడా దుప్పటి కప్పుకుని వెళ్ళి బండి నడిపాడు. ఆ గీతల వరుసలో ఖాళీ అంటే వాడికి భయం.

క్లోవీస్ తీరు దీనికి పూర్తిగా భిన్నం. ఒకచోట కూర్చునే మనిషి కాదు. కట్టెలు కొట్టి అమ్మేవాడు, చెరువుల్లో పైక్ చేపలు పట్టేవాడు. శరత్కాలం వస్తే సెప్ పుట్టగొడుగుల కోసం తెల్లారకుండానే అడవిలో పడేవాడు. ఎక్కడ దొరుకుతాయో కన్నతల్లికి కూడా చెప్పలేదు. పెళ్ళాం మాదోకీ చెప్పలేదు. పుట్టగొడుగుల చోటు చెప్పడమంటే మా సొలోన్ ప్రాంతం వాళ్ళకు ఆస్తి రాసిచ్చినట్టే. అవతలివాళ్ళు అడగరు, ఇవతలివాళ్ళు చెప్పరు.

రెండేళ్ళ కిందట క్లోవీస్‌కి గుండెపోటు వచ్చింది. బతికాడు. డాక్టరు చెట్లెక్కవద్దన్నాడు, ఒంటరిగా తిరగవద్దన్నాడు. వాడు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు. మా అడవిలో ఫోన్లు మోగవు. మోగకుండా చూసేది అనిసేయే కదా. అందుకని మాదో పట్నం వెళ్ళి ఒక చిన్న నారింజ రంగు పెట్టె కొనుక్కొచ్చింది. ఆపద వస్తే మీట నొక్కాలి. పెట్టె ఆకాశంలోని ఉపగ్రహానికి ఒకసారి కబురు పంపి ఊరుకుంటుంది. మళ్ళీ పంపాలంటే మళ్ళీ నొక్కాలి. క్లోవీస్ దాన్ని చొక్కా లోపలి జేబులో వేసుకున్నాడు. అనిసేకి చెప్పకూడదని మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ ఒట్టు వేసుకున్నారు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. అంతకు ముందు ఏడాది మాదో కోళ్ళగూడుకి పొద్దున్నే తలుపు తెరిచే చిన్న యంత్రం పెట్టించుకుంది. దాని కరెంటు సద్దుకు ముసల్దాని గీత మీద మచ్చ పడుతోందని అనిసే వచ్చి, మాదో చూస్తుండగానే దాన్ని ఊడబీకి వ్యానులో పడేసుకుని పోయాడు. క్లోవీస్ నిప్పులు చెరిగాడు. ఆ చలికాలమంతా అన్నదమ్ములకు మాటల్లేవు. ఏప్రిల్‌లో నా కొట్టులోనే ఒకరి గ్లాసులో ఒకరు వైన్ పోసుకుని కలిశారు. ఆ కలిసింది మళ్ళీ చెడకూడదని పెట్టె సంగతి దాచారు. నాకైతే అది తర్వాత తెలిసింది. మీకు ముందే చెబుతున్నాను. ఆ రోజుల్లో అడవిలో ఏం జరిగిందో తెలిసి వినాలి మీరు.

అక్టోబరులో చెరువుల మీదనుంచి పొగమంచు లేచి రోడ్డు దాకా వచ్చిన ఒక ఉదయం క్లోవీస్ బుట్ట పట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి వాడి కుక్క ఒక్కటే ఇంటికి వచ్చింది. ఒళ్ళంతా తెల్లని బంకమట్టి. మాదో ఆ మట్టి చూసి, ఏ చెరువు గట్టుదో అనుకుని కుక్కను కడిగేసింది. పాపం, ఆ క్షణంలో ఎవరు మాత్రం ఏం ఆలోచిస్తారు.

పోలీసులు వచ్చారు. బుర్దే అని పొడుగాటి అధికారి. మనిషి మంచివాడే కానీ నోరు మంచిది కాదు. నా కొట్టునే వాళ్ళ మకాం చేసుకున్నారు. బల్ల మీద పటం పరిచారు, గోడకు రేడియోల చార్జర్లు తగిలించారు. అనిసే గుమ్మంలో నిలబడి ఆ గోడను చూశాడు. మొదటిసారి ఏమీ అనలేదు.

మాదో బుర్దేని వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి పెట్టె సంగతి చెప్పింది. అతను ఆ పెట్టెల కంపెనీకి ఫోను చేశాడు. కబురేదీ రాలేదని వాళ్ళు చెప్పారు.

"నొక్కలేదమ్మా. నొక్కితే వచ్చేది," అన్నాడు బుర్దే.

నొక్కలేదంటే రెండే అర్థాలు. నొక్కే స్థితిలో లేడు, లేదా నొక్కాల్సిన అవసరం లేదు. మాదో రెండోది పట్టుకుని కూర్చుంది. ఇక అనిసేకి చెప్పి ఏం లాభం, ఈ దుఃఖంలో పాత గొడవ ఎందుకు తిరగదోడాలి అనుకుంది.

అనిసే పొద్దుటినుంచి అందరితో కలిసి వెతికేవాడు. ఫెర్న్ పొదలు కర్రతో కొడుతూ తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచేవాడు. ముసల్ది దుర్భిణి ముందుకు వచ్చే వేళ మాత్రం మాయమయ్యేవాడు. ఆ సమయంలో ఆకాశంలో సూర్యుడుంటాడు. రేడియోకి పగలూ రాత్రీ తేడా లేదు. గంటసేపు బండి నడిపి, గీత గీసుకుని మళ్ళీ అడవికి వచ్చేవాడు. ఊళ్ళో కొందరు చెవులు కొరుక్కున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో పీనుగు లేస్తే కూడా రొట్టెలవాడు రొట్టెలు కాలుస్తాడు, వాణ్ణి ఎవరూ ఏమీ అనరు కదా.

రెండో రోజు సాయంత్రం అనిసే చిరాగ్గా వచ్చి బుర్దే ఎదురుగా కూర్చున్నాడు.

"అయ్యా, మీ రేడియోలు ఏ స్థాయిలో మాట్లాడతాయి?"

"ఎందుకు?"

"నా గీత మీద మచ్చలు పడుతున్నాయి. కాసేపు ఉంటాయి, పోతాయి, మళ్ళీ వస్తాయి. సరిగ్గా నా కొమ్ముల పక్కనే. ఆ గంటసేపూ కొంచెం ఆపుకోగలరేమోనని."

బుర్దే కాఫీ కప్పు కింద పెట్టాడు. పగలంతా బురదలో తిరిగిన మనిషి.

"నీకు నక్షత్రం కావాలా, తమ్ముడు కావాలా?"

అనిసే మొహంలో నెత్తురు చుక్క లేదు. లేచి, కుర్చీ సరిగ్గా జరిపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరినీ ఏమీ అడగలేదు. మామూలుగా అయితే అలాంటి మచ్చ పడగానే వ్యాను తీసి, యాంటెనా తిప్పుకుంటూ, అది ఎక్కడినుంచి వస్తోందో చూసేదాకా నిద్రపోయే మనిషి కాదు. ఆ మాటతో వ్యాను తీయడం మానేశాడు. మచ్చ పడిన ముక్కను కత్తిరించి పారేసి, మిగిలిన దాంట్లోంచి ముసల్దాన్ని శుభ్రంగా బయటికి తీసేవాడు. దుర్భిణి వాళ్ళందరూ చేసే పనే అది.

చెరువులు గాలించారు. కుక్కల్ని తెచ్చారు, వాన పడి వాటికి వాసన అందలేదు. ఆ తర్వాత సోల్డ్ర్ ఏటి అవతల క్లోవీస్‌లాంటి మనిషిని చూశామని ఎవరో అన్నారు. పోలీసులు పటం మడిచి, చార్జర్లు పీకి, అవతలికి వెళ్ళిపోయారు. మాదో తన ఇంట్లో ఉండలేక నా వంటింట్లోనే ఉంటోంది. ఉల్లిపాయ సూపు పెడితే చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చునేది. నేను తిను తినమని కసురుకునేదాన్ని.

పోలీసులు వెళ్ళిన తర్వాత కూడా ఒకటి రెండు రోజులు అనిసే మొహం అలాగే మాడిపోయి ఉంది. మచ్చలేనా అని అడిగాను.

"ఇప్పుడు వేటగాళ్ళు మొదలుపెట్టారు. వాళ్ళ వాకీటాకీలు. తక్కువే, అప్పుడొకటి ఇప్పుడొకటి."

"పోయి తిట్టి రా, మనసు తేలికవుతుంది."

"నాకు తిట్టే మొహం ఎక్కడుంది రేజిన్?"

మర్నాడు పొద్దుండగానే వచ్చాడు. టోపీ తీశాడు. మేకపాల జున్ను, రొట్టె అడిగి తిన్నాడు. ఆ వారంలో వాడు కూర్చుని తినడం అదే మొదలు.

"ఇవాళ ముసల్ది శుభ్రంగా వచ్చింది. ఒక్క మచ్చ లేదు. రెండు కొమ్ములూ గీసినట్టున్నాయి."

"పోనీలే. వేటగాళ్ళకు బుద్ధి వచ్చిందన్నమాట," అన్నాను.

పక్క బల్ల దగ్గర వేటగాళ్ళ సంఘం పెద్ద చీట్లాడుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"వేటెక్కడిది? క్లోవీస్ తప్పిపోయిన రోజే మీ వైపు అడవంతా మూసేశారు. తుపాకీ పట్టుకుని ఒక్కడు అడుగుపెట్టలేదు."

అనిసే రొట్టె నములుతున్నవాడు ఆగిపోయాడు. చాలాసేపు ఆ ముద్ద అలాగే నోట్లో ఉంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, నాకు మాత్రమే వినపడేట్టు అడిగాడు.

"పోలీసులు ఏటి అవతల ఉన్నారు. వేటగాళ్ళు లేరు. మరి నిన్న ఎవరు?"

నాకు అర్థం కాలేదు. వాడు లేచి వంటింట్లోకి వెళ్ళాడు. వెనకే వెళ్ళాను. మాదో బంగాళాదుంపలు తరుగుతోంది.

"మాదో, వాడి దగ్గర ఏమైనా ఉందా? కబురు పంపేది, దీపం వెలిగేది, ఏదైనా సరే."

మాదో కత్తి కింద పెట్టింది. మొదట వాడు కోప్పడతాడనే భయపడిందని ఇప్పటికీ నా నమ్మకం.

"చిన్న పెట్టె ఉంది అనిసే. నేనే కొన్నాను. నువ్వు అరుస్తావని చెప్పలేదు. కానీ క్లోవీస్ నొక్కలేదట, కంపెనీ వాళ్ళు చెప్పారు."

"నొక్కితే ఎలా పంపుతుంది? ఆగకుండానా?"

"ఒక్కసారే. మళ్ళీ కావాలంటే మళ్ళీ నొక్కాలి."

వాడు గోడకు ఆనుకున్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

వ్యానులో ముగ్గురం ఎక్కాం. యాంటెనా బిగించాడు కానీ దాన్ని వినడానికి ప్రయత్నించలేదు. వినడానికి ఇక ఏమీ లేదని వాడికి తెలుసు. తిన్నగా తూర్పు వైపు పోనిచ్చాడు. మచ్చలు ఎప్పుడూ బండి పట్టాలకు తూర్పు కొసన ఉన్నప్పుడు ఎక్కువగానూ పడమటికి పోతున్నకొద్దీ తక్కువగానూ ఉండేవట. తూర్పున ఏముంది, వెనకటి తరాలవాళ్ళు పొలాల్లో చల్లుకోవడానికి సున్నపు మట్టి తవ్వుకున్న గోతులు. ఇప్పుడవన్నీ ముళ్ళపొదల్లో మునిగిపోయాయి. పేరు మాత్రం తెల్లగోతులని మిగిలింది. కుక్క ఒంటి మీద తెల్లమట్టి మాదోకి అప్పుడు గుర్తొచ్చింది. అయ్యో దేవుడా అని ఒక్కసారి అంది.

మూడో గోతిలో ఉన్నాడు. గట్టు విరిగి కాలు కిందకు జారింది, ఎముక విరిగింది. పైన గట్టూ తడిసిన వేళ్ళూ కప్పులా వంగి ఉన్నాయి. పెట్టె పంపిన కబురు పైకి, ఆకాశానికి వెళ్ళలేకపోయింది. పక్కనున్న సందులోంచి జారిపోయినది మాత్రం చెట్ల మధ్యగా వెళ్ళి, లోకంలో అంత చిన్న సద్దు వినగలిగిన ఒకే ఒక్క చెవిలో పడింది. క్లోవీస్ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బుట్టనిండా సెప్‌లు ఉన్నాయి. కొన్ని కొరికి తిన్నాడు. బొటనవేలు మీట మీదే ఉంది.

అనిసే గోతిలోకి దిగి తమ్ముడి బొటనవేలును తన రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దాడు. చలికి కొయ్యబారిన వేలు అది. మేము పైనుంచి పిలుస్తూనే ఉన్నాం, వాడు రుద్దుతూనే ఉన్నాడు. ఆ దృశ్యం ఇప్పటికీ నన్ను అన్నం తిననివ్వదు కొన్ని రోజులు.

ఎప్పుడు పోయాడని డాక్టర్ని అడిగితే, ఈ చలిలో ఇదమిత్థంగా చెప్పలేనన్నాడు. చెప్పగలిగింది అనిసే ఒక్కడే. కత్తిరించి పారేశాడన్నానే, అది శుభ్రం చేసిన గీతలోంచి. అసలు గీతలు అక్కడే దాచి ఉంటాయి. అంత్యక్రియలైన మర్నాడు వెళ్ళి అన్నీ తెరిచి చూశాడు. ఒక్కో మచ్చ ఒక్కో నొక్కు. మొదటి రోజు దగ్గర దగ్గరగా ఉన్నాయి. తర్వాత ఎడం పెరుగుతూ వచ్చింది. బుర్దేతో ఈ బల్ల దగ్గర కూర్చుని రేడియోలు ఆపమని అడిగిన రోజున ఉన్నాయి. తిట్టే మొహం లేదన్న రోజున కూడా ఉన్నాయి. శుభ్రంగా వచ్చిందని జున్ను తిన్న రోజున లేవు. ఇదంతా వాడు నాకు చెప్పి, మాదోకి చెప్పనని నా దగ్గర మాట తీసుకున్నాడు.

ముసల్ది ఇంకా కూత పెడుతూనే ఉంది. కొమ్ములు ఇంకా పొట్టివయ్యాయి. అనిసే వెళ్తూనే ఉన్నాడు. ఇప్పుడు గీత మీద మచ్చ పడితే ముసల్దాన్ని అలాగే వదిలేసి వ్యానెక్కుతాడు. కొంపలో తిరిగే హీటరని తేలినా సరే, ఆ మనిషి మొహం చూసి, బాగున్నావా అని అడిగి వస్తాడు. మాదో కోళ్ళగూడుకి ఆ యంత్రం తిరిగి బిగించాడు. నేను మైక్రోవేవు కొంటే చూసి కూడా ఊరుకున్నాడు. నాకేమో దాన్ని వాడబుద్ధి కావడం లేదు.

క్లోవీస్ పోయి ఏడాది తిరిగిన నాడు మాదో ఇక్కడే, పొయ్యి పక్కన కూర్చుని ఉంది. అనిసే ఎదురుగా ఉన్నాడు. ఉన్నట్టుండి అడిగింది.

"ఎప్పటిదాకా నొక్కాడు?"

అనిసే తల ఎత్తలేదు. "మొదటి రోజే. నిద్రపోయి ఉంటాడు, నొప్పి కూడా తెలిసి ఉండదు. ఆ తర్వాతవన్నీ పోలీసుల రేడియోలే."

నేను కప్పులు తుడుస్తున్నాను. తుడిచిన కప్పునే మళ్ళీ తుడుస్తున్నాను.

మాదో చాలాసేపు వాడి చేతుల కేసి చూసింది. తర్వాత లేచి, శాలువా కప్పుకుని, వాడి భుజం మీద చెయ్యి వేసింది.

"క్లోవీస్ మొండివాడు అనిసే. ఒక్క రోజు నొక్కి ఊరుకునే మనిషి కాదు," అని తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.